ఫైనల్లో పట్టిన చెయ్యి

చేతికున్న పట్టీలు ఒంట్లో సత్తువెంతో లెక్క చెప్పేయడం మొదలయ్యాక, యూనివర్సిటీ కాలేజీల్లో ఆటలు ఆడించడం మానేశారు. ఆ లెక్కల్ని బట్టి ఏడాది మొత్తం గెలుపోటములు జూన్‌లోనే ఫోన్లకి వచ్చేస్తాయి. తమ జట్టు కబడ్డీ ఫైనల్లో ఓడినట్టు కబురొచ్చినప్పుడు కెప్టెన్ పైడితల్లి ఇడ్లీ తింటోంది. తినడం ఆపలేదు.

ఏప్రిల్‌లో బహుమతుల రోజున, కప్పు గెలిచిన కాలేజీ కెప్టెన్ సంతోషి మైదానంలో ఆమె పక్కనే నిలబడింది.

"నన్నెలాగ ఓడించేవో తెలుసేటి?" అంది పైడితల్లి.

"తెల్దు. నిన్ను సూడ్డవే ఇదే మొదలు."

సంతోషి మర్యాదకి చెయ్యి చాపింది. పైడితల్లి అందుకుంది. బడిలో ఆడిన ఆట గుర్తొచ్చినట్టు ఆమె వేళ్లు మణికట్టు దాకా పాకి బిగుసుకున్నాయి. సంతోషి కాళ్లు నేలని తన్నిపట్టాయి. పెదవులు "కబడ్డీ, కబడ్డీ" అని సన్నగా కదిలాయి.

మైకులో సంతోషి పేరు పిలిచారు.

"వదిలీమంటావా?" అంది పైడితల్లి.

సంతోషి జవాబివ్వలేదు. జవాబిస్తే కూత ఆగిపోతుంది.