మేస్త్రీ లేని పని

“ముందీ మాట చెప్పండి. రేకులు దింపే పని మేస్త్రీకి గుత్తకిచ్చారా, మీరే దింపించారా?” అడిగాడు అమలాపురం ప్లీడరు నరసింహమూర్తి.

“నేనే దింపించేనండి,” అన్నాడు గోవిందరాజులు.

ప్లీడరు కలం కింద పెట్టాడు. “అక్కడే వచ్చింది చిక్కు. గుత్తకిచ్చి ఉంటే మంచైనా చెడైనా మేస్త్రీ నెత్తిన పడేది.”

గోవిందరాజులుకి ఆ సంగతి తెలియక కాదు. కొత్తపేటలో కొబ్బరి వ్యాపారంలో తల నెరిసినవాడు. సరుకు ఎవరి చేతిలో పాడైతే నష్టం ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అరవై తొమ్మిది గాలివానకి గోడౌను తాటాకు కప్పు ఎగిరిపోతే, ఆస్‌బెస్టాస్ రేకులు వేయించాడు. పదిహేనేళ్ళకి అవి పెళుసెక్కాయి. వానలు పడేలోపు దింపించాలి. మేస్త్రీ రేపు, మాపు అంటూ తిప్పుతున్నాడు. అంతలో తోటల్లో కాయ దింపే ముత్యాలు ఎదురుపడ్డాడు. అంతంత చెట్లెక్కేవాడికి గోడౌను కప్పొక లెక్కా అనుకున్నాడు గోవిందరాజులు.

ముత్యాలూ అలాగే అనుకున్నాడు. అడుగు బోల్టుల వరస మీదే వెయ్యాలని, రేకు కింద దూలం ఉండేది అక్కడేనని అతనికి ఎవరూ చెప్పలేదు. నడిరేకు మీద కాలు వేశాడు. ఫెళ్ళున విరిగింది. చెట్టెక్కే అలవాటు కొద్దీ దూలాన్ని రెండు చేతులా వాటేసుకుని వేలాడాడు. మనిషి పైనే మిగిలాడు. రేకు కిందికి పోయింది.

కింద వీరవేణి ఉంది.

“కప్పు విప్పుతుంటే కింద మనిషికేం పని?” అన్నాడు ప్లీడరు.

“కురిడీ కొబ్బరి రాశి పోసుందండి. రేకుల దుమ్ము పడితే బేరం పోద్దని, గోనెపట్టాలు కప్పమన్నానండి.”

“మీ కూలిమనిషా?”

“కాదండి. ఆవిడకి ఎప్పుడూ కూలివ్వలేదండి.”

ప్లీడరు మొహం విప్పారింది. “బతికించారు! కూలి లేదంటే మీ పనికొచ్చిన మనిషే కాదు. ఆవిడంతట ఆవిడే లోపలికి వెళ్ళిందందాం. ముత్యాలు ఒళ్ళు తెలీకుండా రేకు తొక్కేడందాం. కేసు వాడి మీదికి పోతుంది. మీరు ఒడ్డున పడతారు.”

గోవిందరాజులు బొడ్లో దోపుకున్న గోడౌను తాళాల గుత్తిని సర్దుకున్నాడు. ఆ బరువు ఇంకా అలవాటు కాలేదు.

“వాడి మీదికి పోకూడదండి. హెడ్డుగారు రోజూ స్టేషన్లో కూర్చోబెడుతున్నారు. వాడు అన్నం మానేసేడండి. అదిగో, మీ అరుగు మీదే ఉన్నాడు. ‘నన్ను జైల్లో పెట్టించెయ్యండి బాబూ’ అంటాడు. నా పేరు రాయించండి.”

“ఏవండోయ్! జాలిపడే వ్యాపారస్తుణ్ణి మిమ్మల్నే చూడ్డం.”

“జాలి కాదండి, లెక్క. బస్తా జారి కాలవలో పడితే నష్టం మోసినవాడిది కాదండి. మొయ్యమన్నవాడిది.”

“రెండేళ్ళు జైలు పడొచ్చు, తెలుసా?”

“ఆయ్.”

ప్లీడరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “మీకు బెదురెక్కింది గోవిందరాజులు గారూ. కాస్త నిమ్మళించండి. ఇలాంటివి పోయినవాళ్ళ తాలూకు మనుషులు ఊరుకుంటే వాటంతటవే చల్లారిపోతాయి. ఆవిడకి మొగుడున్నాడా?”

“ఉన్నాడండి.”

“ఏమంటాడు?”

“చెట్లెక్కేవాణ్ణి కప్పెక్కించినవాడిదే తప్పంటాడండి. మనిషి పోయినా కొబ్బరికి దుమ్మంటలేదని ఏడుస్తాడండి.”

“అదేం ఏడుపు! మొండి ఘటమా?”

“ఒక్క మెట్టు కూడా దిగడండి.”

“అంతటి మొండివాళ్ళని చాలామందిని దింపేను. రేపొకసారి అతన్ని నా దగ్గరికి తీసుకురండి. నయానో భయానో నేను ఒప్పిస్తాను.”

“మీ ఎదురుగా కూర్చున్నది అతనేనండి,” అన్నాడు గోవిందరాజులు.