మూడుసార్లు చెరిగిన సంవత్సరం

"బోయెన్, మళ్ళీ వచ్చి చెరిపేశారు."

రుయ్‌చీ కేకకు భర్త నూడుల్స్ గిన్నెతోనే వచ్చాడు.

తైనాన్ తీరంలో ఒకప్పుడు ఉప్పు పండించిన ఆడవాళ్ళ మీద ఆమె నవల రాస్తోంది. సేకరించిన సంగతులన్నీ ఇంటర్నెట్‌లో సొంత వికీలో పెట్టుకుంది. గాలికొక పేజీ, గంపకొక పేజీ, మనిషికొక పేజీ.

పెళ్ళయిన కొత్త కదా, బోయెన్ కూడా తప్పులు దిద్దాలని దానికి తాళం వెయ్యలేదు. అతను దిద్దిన ప్రతిచోటా ఒక నవ్వు బొమ్మ పెట్టేవాడు. ఆమె వాటిని తీసేది కాదు.

ఆ తెరిచిన తలుపులోంచే 'అతిథి' అన్న పేరుతో ఎవరో రావడం మొదలైంది.

మొదట కావడి పేజీలో ఒక వాక్యం చేర్చారు. ఉప్పు బరువు భుజానికి కాదు, మడమలకు తెలుస్తుందని. రుయ్‌చీ మురిసిపోయి నవలలో వాడేసుకుంది.

తర్వాత త్సాయ్ మాన్ పేజీ మీద పడ్డారు. ఆ ఉప్పు మడుల్లో చివరిదాకా పనిచేసిన మనిషి ఆమె, నవలకు నాయిక. ఏదో పాత వ్యాసంలో దొరికిన మరణ సంవత్సరం పేరు పక్కనే ఉంది. అతిథి ఆ సంవత్సరాన్నే చెరిపేస్తున్నారు. ఇది మూడోసారి.

"ఎందుకని ఒక్కసారి అడగరాదూ?" అన్నాడు బోయెన్.

"నవ్వు బొమ్మలు పెట్టుకునేవాడివి, నీకేం. ఇది పరిశోధన."

సంవత్సరాన్ని మళ్ళీ రాసింది. కింద 'రుజువు లేకుండా మార్చకండి' అని చేర్చింది. ఇంకెవరూ దిద్దకుండా తాళం వేసింది.

వేశాక మనసు చివుక్కుమంది. మడమల వాక్యం నవలలో అలాగే ఉంది. ఇచ్చినవాళ్ళను గెంటేసి, ఇచ్చింది దాచుకున్నట్టు అనిపించింది.

నవలా కదల్లేదు. ఆ మడుల్లో నిలబడ్డ మనిషి ఒక్కరు దొరికినా చాలని రోజూ బోయెన్ దగ్గర వాపోయేది.

చివరికి, త్సాయ్ మాన్ ఇంటివాళ్ళయినా నాలుగు మాటలు చెబుతారేమోనని ఇద్దరూ ఆ ఊరు వెళ్ళారు.

మనవరాలు తలుపు తీసింది. ఇంట్లో ఎవరైనా పోతే జుట్టులో పెట్టుకునే ఉన్ని పువ్వు ఇంకా ఉంది.

రుయ్‌చీ తన పేరు చెప్పగానే తేరిపార చూసి, ఆ వికీ మీదేనా అని అడిగింది. కూర్చోబెట్టి టీ పోసింది. కోపం లేకుండానే చెప్పింది.

"నాయనమ్మ టాబ్లెట్ మీద వేలితో రాసేదక్కా. మొదటిసారి చెరిపినప్పుడు తెగ నవ్వింది, నన్ను చంపేశారే అని. పోయిన నెల కన్నుమూసేదాకా మాత్రం ఒకటే అడిగేది, బతికున్నట్టు రుజువంటే ఏం పంపాలే అని."