కాకి ముట్టని టీ

నవంబరు 11, మంగళవారం. మూలకుళంలో తెల్లవారినుంచి ముసురు, ఇప్పుడు తెరిపి. మిద్దె మీది నీళ్ళ తొట్టి కడిగాను.

నా భార్య వేదవల్లి గుండె ఆపరేషనుకు రేపు ఆస్పత్రిలో చేరాలి. ఆమె దిగులంతా టీ గురించే. మా ఇళ్ళలో, పోయినవాళ్ళకు ఇష్టమైనది మిద్దెగోడ మీద పెడతాం. కాకి ముడితేనే అది వాళ్ళకు చేరినట్టు.

"నేను పోతే మసాలా టీ ఎవరు పెడతారు? మీకు పొయ్యి వెలిగించేదే రాదు. పైన నోరెండుకొని కూర్చోవాల్నా? ఈ పొద్దే చేసి, కాకికి పెట్టి చూడండి."

"బతికుండగానే ఏందే ఇది?"

"తట్టాంచావడి రిపేరు షెడ్డులో టెస్టు చేయకుండానే బండి ఇస్తారా మీరు?"

అల్లం, యాలకులు, మిరియాలు దంచాను. "లవంగం ఒకటి చాలు, అది బిర్యానీ కాదు!" అని మంచం మీదినుంచి అరిచింది.

మొదటి గ్లాసు చూసి కాకి ముఖం తిప్పుకుంది. రెండో గ్లాసుకు ఎగిరిపోయింది.

మూడోసారి సన్న మంట మీద మరిగించి, నేనే రుచి చూశాను. అచ్చం వేదవల్లి చేతి టీ. గోడ మీద పెట్టగానే కాకి వచ్చి వాలింది. గ్లాసులోకి ముక్కు వంచింది.

తువ్వాలు విసిరి దాన్ని తరిమేశాను.

కిందికి దిగి, "ముట్టలేదు" అన్నాను.

"ఇంకేంది, ఇప్పట్లో నేను పొయ్యేదానికి లేదు" అని వేదవల్లి లేచి కూర్చుంది.

ఆస్పత్రి సంచిలో చీరలు సర్దాను. తర్వాత, కాకి మళ్ళీ రాకముందే మిద్దెక్కి ఆ గ్లాసు తీసేశాను.