గాలికి అడ్డంగా

పోచారం ప్రాజెక్టు ఒడ్డున ఘనీ డేరా వేస్తున్నాడు. సౌదీ నుంచి తెచ్చిన పెద్ద డేరా, గొట్టంలా పొడుగ్గా ఉంటుంది; ఇంటిల్లిపాదీ పడతారు. దాని తోకను గాలి వచ్చే పడమటి వైపు పెట్టి మేకులు కొట్టబోయాడు.

“మరి తలుపు తూర్పుకాయె,” అంది తల్లి నూరున్నీసా. ఆమెకు దమ్ము జబ్బు. తలుపు వైపు తలపెట్టి పడుకుంటే తప్ప ఊపిరాడదు. “తల అటు పెడితే కాళ్లు పడమరకు, కాబా దిక్కుకు పోతయి. గట్ల నేను పండ బేటా.”

“గాలి పక్కకు కొడితే డేరా ఆగది అమ్మీ.”

“ఎండ గిట్ల కొడుతుంటే గాలేడిది? తిప్పు.”

ఘనీ తిప్పాడు. డేరా ఉత్తర దక్షిణాలుగా నిలబడింది. ఆమె లోపలికి వెళ్లి పడుకుంది.

సాయంత్రం అసర్ నమాజు వేళకు నీళ్ల మీదుగా గాలిదుమారం లేచింది, వెంటే వాన. ఒడ్డున ఆడుతున్న పిల్లల కోసం ఘనీ పరుగెత్తాడు. వెనక్కి చూసేసరికి డేరా పక్క మొత్తం లోపలికి వంగింది. కమ్మీలు విరిగాయి. తడిసి బరువెక్కిన గుడ్డ నేలకు అతుక్కుపోయింది. దాన్ని చింపి తీసేటప్పటికి తల్లి ఊపిరి ఆగిపోయింది.

మరునాడు ఎల్లారెడ్డి ఖబ్రస్తాన్‌లో గొయ్యి ఉత్తర దక్షిణాలుగా తవ్వారు. ఘనీ లోపలికి దిగి, తల్లి ముఖాన్ని పడమరకు తిప్పాడు.

పైకి వచ్చాక బావ అతని రెక్క పట్టుకున్నాడు. “సౌదీల డేరాలు కట్టే పనే చేసినవ్ గద. గాలికి అడ్డంగ ఎట్ల కట్టినవ్ ర?”

ఘనీ చేతుల మట్టి దులుపుకున్నాడు.

“తెల్వక కట్టిన,” అన్నాడు.