నల్లగౌను

"కదలకు కెజయా. కిటికీలోంచి సముద్రాన్నే చూడు."

చెప్పడమైతే చెప్పాడు గాని హెస్కెత్ కూడా మాటిమాటికీ సముద్రం వైపే చూస్తున్నాడు. జాలరి రూబెన్ పడవ నిన్న సాయంత్రమే రావాల్సింది, రాలేదు. రాత్రంతా గాలివాన. ఇక్కడ చూస్తే రూబెన్ పెళ్లాం కెజయా, విధవలు వేసుకునే నల్లగౌనులో కూర్చుని ఉంది.

హెస్కెత్ కొండలూ మబ్బులూ గీసుకుంటూ బతుకుదామనుకున్న చిత్రకారుడు. లండన్ జనానికి మబ్బులు అక్కర్లేదు, ఏడ్చే ఆడవాళ్లు కావాలి. అందుకే ఈ యార్క్‌షైర్ రేవుకొచ్చి 'జాలరి విధవ' అనే బొమ్మ మొదలుపెట్టాడు. ఎల్లుండికి అది ప్రదర్శనకు చేరకపోతే మళ్లీ ఏడాది దాకా ఆయన మొహం చూసేవాడు లేడు.

మొగుడు బతికుండగా నల్లగౌను వేసుకుంటే సముద్రం ఆ మొగుణ్ణి మింగేస్తుందని రేవులో నమ్మకం. అందుకే అది వేసుకుని బొమ్మకు కూర్చోడానికి ఊళ్లో ఏ ఆడదీ ఒప్పుకోలేదు. కెజయా మాత్రం తనే వచ్చి తలుపు తట్టింది. ఎంత లేమిలో ఉందో పాపం అనుకున్నాడు హెస్కెత్.

తలుపు దభాలున తెరుచుకుంది. రూబెన్ తల్లి.

"ఒసే, ఇంకా విప్పలేదా ఆ దరిద్రపు గుడ్డలు? నా కొడుకు నీళ్లల్లో ఉన్నాడే." ముసలమ్మ హెస్కెత్ వైపు తిరిగింది. "ఏమయ్యా బొమ్మలాయనా, వాడు రాకపోతే నువ్వీ ఊరు దాటవు. నీ కుంచెలతో పాటు నిన్నూ పొయ్యిలో పెడతాం."

కెజయా కళ్లు తిప్పలేదు. "అయ్యగారు కదలొద్దన్నారత్తా."

ముసలమ్మ శాపనార్థాలు పెట్టుకుంటూ రేవుకి పోయింది. హెస్కెత్ కుంచె పట్టుకుని తటపటాయించాడు. లేవమంటే బొమ్మ పోతుంది. కూర్చోమంటే పాపం చుట్టుకుంటుంది.

ఆమె మణికట్టు మీద కమిలిన మచ్చ ఉంది. చేపల బుట్ట ఒరుసుకుందట. బొమ్మలో దాన్ని వదిలేశాడు. ఆమె పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోంది. ఆ ముఖంలో ఆశ, భయం చూసి ఆయనకు జాలేసింది. అయినా చెయ్యి ఆగలేదు. ఇలాంటి ముఖం మళ్లీ దొరకదు.

మధ్యాహ్నానికి రేవులో కేకలు వినిపించాయి. "రూబెన్ పడవరోయ్, రూబెన్ పడవ!" తెరచాప చిరిగింది గాని మనుషులంతా క్షేమం.

హెస్కెత్‌కి ప్రాణం లేచొచ్చింది. "వెళ్లమ్మా, వెళ్లు. మీ ఆయన వచ్చేశాడు. బొమ్మ అయిపోయినట్టే."

కెజయా లేవలేదు. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. సంతోషం పట్టలేకపోతోందనుకున్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగింది: "ఇది ఇంకా ఎన్నాళ్లు వేసుకుంటే ఫలిస్తుందయ్యగారూ?"