దుబాసీ పిల్ల

సునీవా ముసలామె జుట్టు దువ్వుతోంది. పలచబడ్డ తెల్లజుట్టు దువ్వెనకు అందకుండా జారిపోతోంది.

గుమ్మానికి అవతల వంటింట్లో ఆర్డిస్ లెఫ్సె రొట్టెలు కాలుస్తోంది. బంగాళాదుంప పిండిని కాగితమంత పలచగా వత్తి, పొడవాటి చెక్కపుల్లతో పెనం మీద తిప్పుతోంది.

"రొట్టె మాడ్చేస్తోంది ఆ వంటింట్లోది. ముక్కు లేదూ దానికి?" అంది ముసలి గుడ్రూన్.

వంటింట్లో రొట్టె గబుక్కున తిరగబడింది.

"ఏమంటోంది అమ్మాయ్?" అక్కణ్ణుంచే కేకేసింది ఆర్డిస్.

"వాసన బాగుందంటోంది, ఆర్డిస్ గారూ."

"అంటే పర్లేదన్నమాట" అని నవ్వింది ఆర్డిస్. నార్వే నుంచి వలసొచ్చినవాళ్ళ ఈ ఊళ్ళో 'పర్లేదు'ను మించిన మెచ్చుకోలు లేదు.

పక్షవాతం గుడ్రూన్ నోట్లోంచి ఇంగ్లీషును తుడిచిపెట్టేసింది. మిగిలింది చిన్నప్పుడు పుట్టింట్లో మాట్లాడిన నార్వే మాట. అదీ మారుమూల లోయ యాస.

"మాకు నేర్పలేదండీ. బళ్ళో నవ్వుతారని పిల్లల ముందు మాట్లాడేవాళ్ళే కాదు. మా అమ్మ మాట నాకు చెప్పేవాళ్ళు కావాలి" అని ఆర్డిస్ ఊళ్ళోని నార్వే మైత్రీ సంఘానికి వెళ్ళి అడిగింది. ఆ సంఘం ఏటా అక్కడి కుర్రకారును ఇక్కడికి రప్పిస్తుంది, ఇక్కడివాళ్ళను అక్కడికి పంపుతుంది. ఈ ఏడు వచ్చిన సునీవా నాయనమ్మది ఆ లోయే. అందుకే ఈ పిల్లను ఈ ఇంట్లో ఉంచారు.

వచ్చిన రోజే సునీవా ముసలామె తిట్టును మంచిమాటగా మార్చి అబద్ధమాడింది. ఆ తర్వాత ఆపడం చేతకాలేదు.

ఆర్డిస్‌కు కావలసింది ఒక్కటే. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ తనూ, తమ్ముడు ఎయ్‌నారూ గడ్డకట్టిన సరస్సుకు అడ్డం పడి నడిచారు. మంచు విరిగింది. తమ్ముడి చెయ్యి జారింది. ఇంటికి ఒక్కతే వచ్చింది. తల్లి కొట్టలేదు, తిట్టలేదు, ఆ పేరే ఎత్తలేదు. నీ తప్పు లేదనీ అనలేదు. తల్లి కన్నుమూసేలోగా ఆ ఒక్క మాట చెవిన పడాలని ఆర్డిస్ ఆశ.

సునీవాకు ఇవాళే తిరుగు ప్రయాణం. సంఘం కార్యదర్శి కారు పంపుతానన్నాడు.

ఆర్డిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"వెళ్ళేలోపు ఒక్కసారి అడుగు తల్లీ. ఎయ్‌నార్ సంగతి."

సునీవా అడిగింది. గుడ్రూన్ ఒక్కో మాటా కూడగట్టుకుని అంది.

"చెయ్యి జారలేదు. ఇదే వదిలేసింది. వదిలేసి తన ప్రాణం దక్కించుకుంది. నా శవపెట్టె మీద దీని చెయ్యి పడనివ్వకండి. చెప్పు పిల్లా, దానికి చెప్పు."

ఆర్డిస్ కిటికీ వైపు తిరిగింది. దూరంగా సరస్సు తెల్లగా, చదునుగా ఉంది.

"ఏమంది?" అటు తిరిగే అడిగింది.

సునీవా దువ్వెన పక్కన పెట్టింది. "నువ్వప్పటికి పసిపిల్లవంట. నీ తప్పేం లేదంట. చివరిదాకా వాడి చెయ్యి పట్టుకునే ఉన్నావని తనకు తెలుసంట."

"ఇంకా?"

"ఇంకా... నువ్వొక్కదానివైనా ఇల్లు చేరావు, అదే పదివేలంటోంది."

ఆర్డిస్ కిటికీ అద్దానికి నుదురు ఆనించింది.

"చెప్పావుటే?" గుడ్రూన్ మంచం పట్టె మీద చరిచింది.

"చెప్పాను బామ్మా" అంది సునీవా, ఆ యాసలోనే.

బయట కారు హారన్ మోగింది.

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుని వచ్చి, బడికెళ్ళే పిల్లకు పెట్టినట్టు సునీవా కోటు గుండీలు మెడదాకా పెట్టింది. సునీవా తలెత్తలేకపోయింది. ఒకర్ని ఇంతగా మోసం చెయ్యడం ఆ పిల్ల ఎరగదు.

ఆర్డిస్ రెండు చేతులతో ఆ మొహం పైకెత్తింది.

"నా కోసం ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు తల్లీ. కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు. మెట్ల మీద మంచుంది, చూసుకుని దిగు."

సునీవా తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఆర్డిస్ ఆ మాటలన్నీ అన్నది ఇంగ్లీషులో కాదు, అచ్చంగా తల్లి లోయ యాసలో, ఒక్క పలుకూ తడబడకుండా.