నొక్కనివ్వని మీట

"తేలు వద్దప్పా," అంటూ శశికళ ట్రేలోంచి తీసిన మీటను మళ్లీ అక్కడే పెట్టేసింది. "ఆ మనిషికి తేళ్లంటే భయం లేదు."

మోహన్‌కుమార్ పుర్రె ఆకారంలో ఉన్నది చూపించాడు. ఆమె దానివైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు.

బాగేపల్లి బస్టాండు ఎదురుగా మోహన్‌కుమార్‌ది చిన్న దుకాణం. కీబోర్డు మీటల మీద తొడిగే టోపీలను, అదే కీక్యాప్‌లంటారే, వాటిని రెజిన్‌తో రకరకాల ఆకారాల్లో పోతపోసి అమ్ముతాడు. బెంగళూరు కుర్రాళ్లు వచ్చి ద్రాక్షగుత్తి కావాలనీ, పట్టుగూడు కావాలనీ దుకాణమంతా కెలికి, నవ్వుకుంటూ కొనుక్కుపోతారు. అది మోజు వ్యవహారం. ఈమె మాత్రం చింతామణి నుంచి పనిగట్టుకొని వచ్చింది. అడిగింది ఒకే ఒక్క మీట, డిలీట్‌ది. నొక్కడానికి చెయ్యి రాని ఆకారం కావాలట.

"ముళ్లు పెట్టియ్యనా?"

"గుచ్చుకున్నా నొక్కేస్తారు."

"అయితే ఆంజనేయస్వామి ముఖం పెడదామమ్మా. దేవుణ్ణి ఎవురు నొక్కుతారు?"

"మొక్కి, చెంపలేసుకొని, నొక్కేస్తారప్పా."

మోహన్‌కుమార్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"అంతగా ఏం తుడిచేస్తాండారమ్మా?"

"మా అవ్వ తిమ్మక్క పాటలూ, ఆయమ్మ కథా పుస్తకంగా రాస్తాండా. అవ్వ పోయింది. ఆ పాటలు నా తలకాయలో తప్ప ఇంక యాడా లేవు. రాసేది పూర్తయ్యేతలికి మొత్తం తుడిచిపెట్టేస్తారు. మళ్లా మొదట్నుంచి రాయాల. రాసిన ప్రతిసారీ ఒకటో రెండో చరణాలు మరిచిపోతాండా. ఈ ఆదివారం సాయంత్రానికి పంపకపోతే పబ్లిషర్ ఇంక కాచుకోరంట."

"పాస్‌వర్డ్ పెట్టుకోండి."

"ఎన్ని మార్చినా ఆ మనిషికి తెలిసిపోతాది."

"మెయిల్‌లో దాచిపెట్టుకుంటే?"

"అదీ తెరిచి తుడిచేస్తారు."

"ఆ మీట టోపీ పీకి పారేస్తే?"

"పీకేసి చూసినా. కింద పుడక మాదిరి ఉంటాది గదా, దాన్నే నొక్కినారు."

మోహన్‌కుమార్ బల్ల మీదికి వంగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "కొడతారామ్మా?"

"చేత్తో కొట్టరు. ఇదీ ఒక పుస్తకమా, నలుగురూ నవ్వుతారు, నీ బతుక్కి ఇది అవసరమా అంటారు. పొద్దస్తమానం అదే పాట."

ఆమె సంచిలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. ముసలి చెయ్యి. బొటనవేలి కొస మీద అడ్డంగా పెద్ద గాటు.

"రేష్మె పురుగులకు మల్బరీ ఆకు తరిగి తరిగి పడిన గాటప్పా అది. మా అవ్వ వేలు. మీట మీద ఈ వేలికొస పైకి లేసినట్ల పోసియ్యండి. నొక్కాలంటే అవ్వ వేలి మీదనే వేలు పెట్టాల."

"తేలుకు, దేవుడికి భయపడనోళ్లు దీనికి భయపడతారా?"

"ఆ వేలు పట్టుకొని నడక నేర్చిన మనిషి."

ఓహో, తోడబుట్టినవాడన్నమాట, అనుకున్నాడు మోహన్‌కుమార్. అతనికి ఒళ్లు మండిపోయింది. సొంత అవ్వ పాటలనే తుడిచేసేవాడు మనిషేనా?

వేలు పోయడం తేలిక కాలేదు. మొదటిసారి గాటు కాస్తా పగుల్లా కనబడింది. పారేసి మళ్లీ పోశాడు. ఇచ్చిరావడానికి తానే బయల్దేరుతుంటే భార్య వీణ గుమ్మంలో నిలబడింది.

"ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఒకరింటి జగడంలో మీరేల తల దూరుస్తారు?"

ముక్కుసూటి మనిషికి అలాంటి మాటలు చెవికెక్కవు. ఆదివారం మధ్యాహ్నం అతను చింతామణి బస్సెక్కాడు.

శశికళ తలుపు తీసింది. కంప్యూటర్ నడవలోనే, కిటికీ పక్కన ఉంది. మోహన్‌కుమార్ పాత టోపీ పీకి, కొత్తది తొడిగాడు. నల్లటి మీటల మధ్య అవ్వ వేలు నిక్కి నిలబడింది. శశికళ దాన్ని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ మనిషి ఇంట్లోనే ఉండారా?" గుసగుసగా అడిగాడు.

"ఉండారు."

"నన్నూ ఉండమంటారామ్మా?"

"వద్దప్పా. మీరుంటే ఆ మనిషి బయటపడరు. మీరు బయల్దేరండి."

బయటికైతే వచ్చాడు గానీ కాళ్లు ముందుకు సాగలేదు. ఎదురుగా మూసి ఉన్న అంగడి నీడలో నిలబడి, ఆ తలుపు మీదనే కళ్లు పెట్టుకున్నాడు. పోలీసులకు ఫోన్ చెయ్యాల్సి వస్తుందేమోనని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కిటికీలోంచి మీటల టకటక వినిపిస్తూ ఉంది. ఆ ఇంట్లోకి ఎవరూ వెళ్లలేదు, ఎవరూ బయటికి రాలేదు.

ఉన్నట్టుండి టకటక ఆగిపోయింది.

మోహన్‌కుమార్ నీడలోంచి రోడ్డంచుకు వచ్చాడు. చాలాసేపు చడీచప్పుడూ లేదు. ఆ తర్వాత లోపల ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్న శబ్దం. ఒక్క పరుగున రోడ్డు దాటి తలుపు బాదాడు.

తలుపు తెరుచుకుంది. శశికళ నిలబడి ఉంది. ఒంటి మీద దెబ్బలేమీ లేవు, కళ్లు మాత్రం ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"పుస్తకం పంపించేసినానప్పా!"

"మరి ఆ మనిషి?"

"ఈసారీ తుడిచేద్దామనే కూచున్నారు. మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కబోయినారు. అవ్వ వేలు తగిలింది. ఇంక వల్ల కాలేదు, ఏడ్చేసినారు."

అంత ఏడిపించి, ఇప్పుడు తాను ఏడుస్తున్నాడా? మోహన్‌కుమార్‌కు ఇన్నాళ్ల కోపమూ ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"తప్పుకోమ్మా. నేనొక మాట అడగాల."

"అప్పా, ఆగండి..."

అతను ఆగలేదు. విసురుగా లోపలికి పోయాడు. గది చూశాడు, వంటిల్లు చూశాడు. సిగ్గు విడిచి మంచం కిందికి కూడా వంగి చూశాడు. పెరటి తలుపు దాకా పోయాడు. దానికి లోపలి నుంచి గడియ వేసే ఉంది.

ఆ ఇంట్లో శశికళ తప్ప ఇంకెవరూ లేరు.